పెట్టె సర్దుకొనక ముందే



తెల్లవారుజామున మన పల్లెల మీదుగా ప్రయాణం చేసేవారికి ఒక దృశ్యం బాగా పరిచయం. కాలువ గట్ల మీద, స్కూలు మైదానాల్లో, ఇంకా చీకటి వీడని తారు రోడ్ల మీద పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు గుంపుగా పరుగెత్తుతూ ఉంటారు. మిలిటరీ సెలక్షన్ల కోసమే ఆ పరుగు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది ప్రతి ఊరి మాట. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరానికైతే మిలిటరీ మాధవరం అన్న పేరే స్థిరపడిపోయింది. మన సంఘాల్లోనూ కుమారులను సైన్యానికి పంపిన కుటుంబాలు, పంపాలని ఎదురుచూస్తున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి.

"అయ్యగారూ, మా వాడు సెలెక్టు అయ్యేలా ప్రార్థన చేయండి" అని తల్లులు అడుగుతారు. తప్పక చేయవలసిందే. అయితే సెలెక్టు కావడం గుమ్మం దాటడం మాత్రమే. అసలు పరీక్ష లోపల ఉంటుంది. ట్రైనింగు సెంటరులో మొదటి నెలలు గడపడం ఎలాగో పిల్లవాడికి ఎవరూ చెప్పరు. ఇంటిలో ఏమి చేయాలో తలిదండ్రులకు ఎవరూ చెప్పరు. ఈ నెల మన పేజీని ఆ సంగతికే కేటాయిద్దాము.

ముందు తెలుసుకోవలసినది

2022 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ అనే విధానాన్ని ప్రకటించింది. దీని ప్రకారం సిపాయిగా చేరేవారిని అగ్నివీరులు అంటారు. సేవాకాలం ట్రైనింగుతో కలిపి నాలుగేళ్లు. ఆ తరువాత ఒక్కొక్క బ్యాచిలో నూటికి 25 మంది వరకే రెగ్యులర్ సైన్యంలోకి తీసుకుంటారు. మిగిలినవారు ఇంటికి వస్తారు. ప్రకటించినప్పుడు చెప్పిన జీతం మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు, నాలుగో ఏడాదికి 40,000. అందులో నూటికి 30 వంతులు సేవానిధికి పోతుంది. ప్రభుత్వం కూడా అంతే సొమ్ము కలుపుతుంది. బయటికి వచ్చేనాటికి అసలు 10 లక్షల 4 వేలు, దానిపై వడ్డీ చేతికి వస్తాయి. ఇలా వచ్చేవారికి పింఛను ఉండదు, గ్రాట్యుయిటీ ఉండదు. చేరేవాడు అవివాహితుడై ఉండాలి, ఆ నాలుగేళ్లూ పెళ్లి చేసుకోకూడదు. సంబంధాలు చూసే పెద్దలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఆర్మీకి ముందుగా కంప్యూటరు మీద వ్రాత పరీక్ష ఉంటుంది. అందులో నెగ్గినవారినే ర్యాలీకి పిలుస్తారు. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, బీమ్ మీద పుల్-అప్స్, తొమ్మిది అడుగుల గుంత దూకడం, వంకర బల్ల మీద తూలకుండా నడవడం ఉంటాయి. 2025 నోటిఫికేషన్ల ప్రకారం పరుగును 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగించినవారికి 60 మార్కులు, పుల్-అప్స్ పది తీసినవారికి 40 మార్కులు. తరువాత మెడికల్ పరీక్ష. నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి ఏ ఏటికి ఆ ఏటి నోటిఫికేషన్ చదువుకోవాలి.

ఎంపికైనవారిని వారి విభాగాన్ని బట్టి సెంటరుకు పంపుతారు. ఆర్టిలరీ సెంటరు హైదరాబాదు గోల్కొండలో ఉంది. ఇ.ఎం.ఇ., ఆర్డినెన్స్ సెంటర్లు సికింద్రాబాదులో, మద్రాసు ఇంజనీర్ల సెంటరు బెంగుళూరులో, మద్రాసు రెజిమెంటు సెంటరు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. నేవీ అయితే ఒడిశాలోని చిల్కా. ఆడపిల్లలు కూడా మిలిటరీ పోలీసులోను, నేవీలోను అగ్నివీరులుగా చేరుతున్నారు కనుక ఈ మాటలు కుమార్తెలున్న ఇంటికీ చెందుతాయి.

శరీరమును సిద్ధపరచుట

తమ్ముళ్లారా, మొదటి మాట మీతో. నోటిఫికేషన్ వచ్చాక పరుగు మొదలుపెట్టేవాడు ఆలస్యంగా లేచినవాడే. కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టండి. మొదటి నెల పరుగూ నడకా కలిపి చేయండి. వారానికి నాలుగు రోజులు పరుగు చాలు. మిగతా రోజుల్లో చేతులకు, నడుముకు, పొట్టకు వ్యాయామం చేయండి. ఒక రోజు పూర్తిగా విశ్రాంతి ఇవ్వండి. ఈ వారం మొత్తం పది కిలోమీటర్లు పరుగెత్తితే వచ్చే వారం పదకొండు చేయండి, ఇరవై చేయకండి. గుండె, ఊపిరితిత్తులు త్వరగా బలపడతాయి గాని ఎముకలు, నరాలు నెమ్మదిగా బలపడతాయి. ఆ తేడా తెలియకనే చాలామంది కాళ్లు పాడుచేసుకుంటున్నారు.

1.6 కిలోమీటర్లంటే 400 మీటర్ల గ్రౌండు నాలుగు చుట్లు. ఐదున్నర నిమిషాల్లో ముగించాలంటే ఒక్కొక్క చుట్టుకు దాదాపు 82 సెకన్లు. మొదటి చుట్టు డెబ్బై సెకన్లలో ఉరికి, మూడో చుట్టులో ఆయాసపడి ఆగిపోయేవారిని ప్రతి ర్యాలీలో చూడవచ్చు. వారంలో ఒక రోజు ఒక చుట్టు 82 సెకన్లలో పరుగెత్తి, మూడు నిమిషాలు నడిచి, మరల పరుగెత్తండి. అలా నాలుగుసార్లు చేయండి. క్రమంగా మధ్య విరామం తగ్గించండి. వేగం ఎంతో మీ కాళ్లకే తెలిసిపోతుంది.

పుల్-అప్ ఒక్కటీ రాని పిల్లవాడు నిరాశపడనక్కరలేదు. వేపకొమ్మకో ఇనుప గొట్టానికో వేలాడడం మొదలుపెట్టాలి. తరువాత బల్ల మీద నిలబడి గడ్డం కొమ్మపైకి తెచ్చి, ఐదారు లెక్కపెడుతూ నెమ్మదిగా కిందికి దిగాలి. దిగడం నేర్చినవాడికి ఎక్కడం వస్తుంది. బస్తా మోసిన చేతులకు, పార పట్టిన నడుముకు సగం బలం ముందే ఉంది. పొలం పని చిన్నతనమని ఎవరైనా అంటే నమ్మకండి.

అయితే ట్రైనింగు అంటే 1.6 కిలోమీటర్ల పరుగు ఒక్కటే కాదు. గంటల తరబడి డ్రిల్లు, బరువైన బూట్లు, వీపు మీద సామాను, భుజం మీద రైఫిలు ఉంటాయి. ఆరు నిమిషాలు పరుగెత్తగలిగి ఆరు గంటలు నిలబడలేకపోతే కష్టమే. అందుచేత వారానికి ఒకసారి సంచిలో నాలుగైదు కిలోలు వేసుకొని ఐదారు కిలోమీటర్లు గట్టిగా నడవండి. రెండు మూడు వారాలకొకసారి కిలో చొప్పున పెంచండి.

దావీదు సంగతి మీకు తెలుసు. గొల్యాతు మీదికి వెళ్లబోతుండగా సౌలు రాజు తన యుద్ధకవచం తొడిగించాడు. దావీదు అది తొడుక్కుని నడవబోయి, తనకు అలవాటు లేదని చెప్పి తీసివేశాడు. అలవాటు లేనిది అతడు యుద్ధానికి తీసుకుపోలేదు. ఇందులో సిపాయికి పనికివచ్చే పాఠం ఉంది. కొత్త బూట్లతో ర్యాలీకి వెళ్లకండి. పరీక్ష రోజున కొత్త తిండి తినకండి. ఎవరో ఇచ్చిన మాత్ర వేసుకోకండి. సెంటరులో ఇచ్చే బూట్లను కూడా దొరికిన ప్రతి ఖాళీ సమయంలో తొడిగి పాదానికి అలవాటు చేయండి. మేజోళ్లు తడిస్తే మార్చండి. చిన్న బొబ్బను నిర్లక్ష్యం చేస్తే అది చీముపట్టి వారం రోజుల ట్రైనింగు పోగొడుతుంది.

ఎప్పుడూ తారు రోడ్డు మీదే పరుగెత్తకుండా మట్టి దారి చూసుకోండి. ముంగాలి ఎముక పొడవునా నొప్పి వస్తే పరుగు తగ్గించి కొన్ని రోజులు నడవండి. ఎముక మీద ఒకే చోట వేలు పెడితే భరించలేనంత నొప్పి ఉన్నా, పడుకున్నప్పుడు కూడా నొప్పి తగ్గకపోయినా అది ఎముకలో సన్నని చీలిక కావచ్చు. డాక్టరుకు చూపించండి. కట్టు కట్టుకొని, నొప్పి బిళ్ల వేసుకొని పరుగెత్తితే ఆ చీలిక విరుగుడుగా మారుతుంది.

మన ఎండలను తక్కువ అంచనా వేయకండి. ఉదయమే పరుగు ముగించండి. నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, అవసరమైతే ఓ.ఆర్.ఎస్. ద్రావణం తాగండి. పరుగెత్తే స్నేహితుడు తడబడి మాట్లాడినా, తూలిపడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటి నిండా నీళ్లు పోసి, విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోవాలి. స్పృహలేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. విపరీతమైన కసరత్తు తరువాత మూత్రం కాఫీ రంగులో వస్తే ఆ రోజే డాక్టరును కలవాలి.

తిండి విషయంలో ఖరీదైన పొడుల డబ్బాలు కొననక్కరలేదు. రాగి జావ, పప్పు, ఆకుకూర, వేరుశెనగ గుండ్లు, గుడ్డు, పాలు, దొరికిన పండు చాలు. కండ పెరగడానికని జిమ్ములలో వేసే ఇంజెక్షన్ల జోలికి పోకండి, అవి గుండెను, కాలేయాన్ని పాడుచేస్తాయి. ఖైనీ, గుట్కా, సిగరెట్టు, మద్యం మానవలసిన రోజు ఈ రోజే. రాత్రి పన్నెండింటి వరకు సెల్‌ఫోను చూసి నాలుగింటికి పరుగుకు లేచేవాడి శరీరం బాగుపడదు. కండ నిద్రలోనే కట్టుకుంటుంది. ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలి.

ర్యాలీకి ముందే ఒకసారి ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించుకోండి. కంటిచూపు, చెవిలో గులిమి, పుచ్చు పళ్లు, చదును పాదాలు, నడిచేటప్పుడు మోకాళ్లు రాసుకోవడం, గిలక, బుడ్డ, మొలలు వంటివి మెడికల్ పరీక్షలో అడ్డుపడతాయి. వీటిలో కొన్ని ముందే చికిత్స చేయించుకుంటే పోతాయి. సిగ్గుపడి దాచి, అక్కడికి పోయి తిరిగి వచ్చేకంటే ఇక్కడ చూపించుకోవడం మేలు. పచ్చబొట్టు విషయంలోనూ సైన్యానికి కట్టుబాట్లు ఉన్నాయి, సరదాకు పొడిపించుకోకండి.

మనస్సును సిద్ధపరచుట

శరీరం సిద్ధమైన పిల్లలు కూడా మొదటి మూడు వారాల్లో వెనుదిరగాలనుకుంటారు. కాలు నొప్పి అందుకు అసలు కారణం కాదు. తెల్లవారకముందే లేవాలి, క్షణాల్లో పక్క సర్దాలి, గడ్డం గీసుకోవాలి, బూట్లు మెరవాలి. ఒకడు చేసిన తప్పుకు పదిమందీ శిక్ష అనుభవిస్తారు. ఉస్తాద్ చెవి దగ్గరకు వచ్చి అరుస్తాడు. ఇంటిలో అమ్మ ముద్దుపేరుతో పిలిచిన పిల్లవాడు అక్కడ ఒక నంబరు. ఫోను ఇష్టం వచ్చినప్పుడు చేతిలో ఉండదు.

ఆ అరుపు నీ మీద పగ కాదు, తమ్ముడూ. గందరగోళంలోనూ ఆజ్ఞ విని చేయగలిగేలా మనిషిని మలిచే పద్ధతి అది. మాట విను, చేయి, మరచిపో. రాత్రి పడుకొని ఆ మాటను తవ్వుకోవద్దు.

దీనికి ఇంటి దగ్గరే అభ్యాసం చేయవచ్చు. అమ్మ లేపకుండా లేవండి. మీ పక్క మీరే సర్దండి. మీ బట్టలు మీరే ఉతికి ఇస్త్రీ చేయండి. కంచం ముందు పది నిమిషాలకంటె ఎక్కువ కూర్చోకండి, పెట్టినది వంక పెట్టకుండా తినండి. రోజుకు రెండు గంటలు సెల్‌ఫోను పెట్టెలో పెట్టండి. ఇవి చిన్న పనులే. కాని వీటిని ఇంటి దగ్గర నేర్చినవాడికి అక్కడ సగం భారం దిగిపోతుంది.

రెండవది, హిందీ. మన పిల్లలను ఎక్కువగా ఏడిపించేది ఇదే. ఆజ్ఞ అర్థంకాక ఆలస్యమైతే సోమరి అనుకుంటారు. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్ అనే మాటలు, ఒకటి నుండి వంద వరకు అంకెలు, నొప్పిగా ఉంది, జ్వరంగా ఉంది, అర్థం కాలేదు అని చెప్పే వాక్యాలు ముందే నేర్చుకోండి. ఊరిలో రిటైరైన సిపాయి ఉంటే ఆయన దగ్గర వారం రోజులు కూర్చోండి. ఆయన సంతోషంగా చెబుతాడు.

మూడవది, రోజును ముక్కలు చేసుకోవడం. నాలుగేళ్లు ఎలాగా అని మొదటి రాత్రే లెక్కపెట్టేవాడు కుంగిపోతాడు. టిఫిను వరకు ఓర్చుకో, తరువాత మధ్యాహ్నం భోజనం వరకు ఓర్చుకో. భయం పట్టుకున్నప్పుడు నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పదిసార్లు చేస్తే గుండెదడ నెమ్మదిస్తుంది.

నాలుగవది, పక్కవాడు. అక్కడ అందరూ ఒకే లంగరులో తింటారు. ఎవరి కులమేమిటో, ఎవరి ఊరేమిటో పళ్లెం అడగదు. మీరు పదిమందికి బూట్లు మెరిపించడంలో సాయపడితే మీరు వెనుకబడిన రోజున ఆ పదిమందీ మీ చేయి పట్టుకుంటారు.

అయిదవది, నోరు తెరవడం. గాయాన్ని దాచడం ధైర్యం కాదు. అలాగే మనస్సు విరిగినప్పుడు, బ్రతకాలని లేదనే తలంపు వచ్చినప్పుడు, అది పక్కవాడికి, ఉస్తాదుకు, సెంటరు డాక్టరుకు చెప్పాలి. 14416 అనే టెలిమానస్ నంబరుకు దేశంలో ఎక్కడి నుండైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరు ఇంట్లోవాళ్లు కూడా వ్రాసి ఉంచుకోవాలి.

ఆరాధన సంగతి

సైన్యంలో సర్వధర్మ స్థలములు ఉంటాయి. మతపరమైన పెరేడ్‌లకు దళమంతా కలసి వెళ్లే ఆనవాయితీ కొన్ని చోట్ల ఉంది. రెజిమెంటు మందిరం లోపలి భాగంలోకి వెళ్లడానికి నిరాకరించిన ఒక క్రైస్తవ అధికారిని 2021లో సేవ నుండి తొలగించారు. ఆ తొలగింపును ఢిల్లీ హైకోర్టు 2025 మేలో, సుప్రీంకోర్టు 2025 నవంబరులో సమర్థించాయి. ఈ విషయంలో విశ్వాసులలోనే వేరువేరు అభిప్రాయాలు ఉన్నాయి. నేను చెప్పేది ఒక్కటే. మీ కుమారుడు ఈ ప్రశ్నను మొదటిసారి పెరేడ్ మైదానంలో ఎదుర్కోకూడదు. నిలబడి ఉండటం ఏమిటి, పాల్గొనడం ఏమిటి, తన మనస్సాక్షి ఎంతవరకు ఒప్పుకుంటుంది అనే మాటలు బయలుదేరక ముందే తలిదండ్రులతో, కాపరితో కూర్చొని మాట్లాడుకోవాలి. అక్కడ ఏ మాట చెప్పినా పై అధికారికి గౌరవంగా, ముందుగా, ఒంటరిగా చెప్పాలి. ఇతరుల భక్తిని ఎగతాళి చేసే మాట నోట రాకూడదు.

తలిదండ్రులారా

మీకు మొదటి హెచ్చరిక డబ్బు గురించి. సైన్యంలో చేర్చుకోవడానికి ఎవరూ లంచం తీసుకోనక్కరలేదు, ఎవరి సిఫారసూ పనిచేయదు. ఆర్మీవారే ప్రతి ర్యాలీకి ముందు దళారులను నమ్మవద్దని ప్రకటిస్తారు. "లోపల మనవాడు ఉన్నాడు, మూడు లక్షలివ్వండి" అనేవాడు వందమంది దగ్గర తీసుకుంటాడు. అందులో సొంత కష్టంతో నెగ్గిన పదిమంది దగ్గర డబ్బు ఉంచుకొని, మిగతావారికి ముఖం చాటేస్తాడు. ఆ మాటకు అరెకరం తాకట్టు పెట్టకండి. కోచింగు ఇచ్చేవారి చేతిలో ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టకండి, జిరాక్సు కాపీలు ఇవ్వండి.

రెండవది ఫోను గురించి. కొడుకు మొదటిసారి ఫోను చేసినప్పుడు అమ్మ ఏడిస్తే వాడు ఆ రాత్రి నిద్రపోడు. వినండి. "తిన్నావా, కాళ్లు ఎలా ఉన్నాయి" అని అడగండి. "ఊరంతా చూస్తోంది, పరువు తీయకు" అనే మాట మాత్రం అనకండి. ఆ మాట విన్న పిల్లవాడు తరువాత నొప్పి చెప్పుకోడు, భయం చెప్పుకోడు. ఇంటిలో పెద్ద కష్టం వస్తే దాచకండి, అలాగని ప్రతి చిన్న గొడవనూ వాడి చెవిన వేయకండి.

యెష్షయి పెద్ద కుమారులు ముగ్గురు సౌలు సైన్యంలో ఉన్నారు. ఆ ముసలి తండ్రి ఇంట కూర్చొని దిగులుపడుతూ ఉండిపోలేదు. చిన్నవాడైన దావీదు చేతికి వేయించిన గింజలు, రొట్టెలు ఇచ్చి, అన్నల క్షేమం కనుక్కొని రమ్మని పంపాడు. వారి అధికారికి కూడా జున్నుగడ్డలు పంపాడు. దూరంగా ఉన్న సిపాయి కొడుకుకు తండ్రి చేయగలిగినది అదే. గుర్తుంచుకున్నామని తెలియజేయడం.

మూడవది, నాలుగేళ్ల తరువాతి సంగతి. సేవానిధి సొమ్ము ఇంకా రాకముందే అక్క పెళ్లికి, ఇంటి స్లాబుకు లెక్కలు వేయకండి. తిరిగి వచ్చేసరికి ఆ అబ్బాయికి ఇరవై రెండో, ఇరవై నాలుగో ఉంటాయి. ఆ డబ్బే అతని చదువు, పెట్టుబడి, కొత్త బ్రతుకు. ఎలా వాడాలో అతడితోనే మాట్లాడండి. సర్వీసులో ఉండగానే దూరవిద్య ద్వారా డిగ్రీ చదవమని ప్రోత్సహించండి.

తిరిగి వచ్చినవారు

ఇది ఎవరూ మాట్లాడని సంగతి. అర సెకను తేడాతో పరుగులో ఓడినవాడు ఉంటాడు. మెడికల్‌లో అన్‌ఫిట్ అయినవాడు ఉంటాడు. ట్రైనింగులో కాలు విరిగి ఇంటికి చేరినవాడు ఉంటాడు. వయస్సు దాటిపోయి ఇక అవకాశం లేనివాడు ఉంటాడు. వీధి అరుగు మీద "ఏమిరా, మిలిటరీ?" అని నవ్వే నాలుకలకు ఆ పిల్లవాడు ఏ స్థితిలో ఉన్నాడో తెలియదు. ర్యాలీలు ఆగిపోయి, 2022లో విధానం మారినప్పుడు ఏళ్ల తరబడి పరుగెత్తిన ఎందరో పిల్లల కల ఒక్క ప్రకటనతో చెదిరిపోయింది. వారి దోషం ఏమీ లేదు.

అలాంటి వానిని సంఘం ఎలా చేర్చుకుంటుందో అదే మన పరీక్ష. ఎంపికైన వానిని వేదిక ఎక్కించి శాలువా కప్పుతాము, మంచిదే. ఓడిన వాని ఇంటికి ఆ సాయంత్రమే ఇద్దరు పెద్దలు వెళ్లి, టీ తాగి, పక్కన కూర్చొని రావాలి. సలహాలు చెప్పనక్కరలేదు. ఏడాదిపాటు తెల్లవారుజామున లేచిన అలవాటు, కట్టిన శరీరం, నేర్చిన క్రమం వృథా కావు. పోలీసు కానిస్టేబులు పరీక్షకు, అటవీ శాఖకు, ఫైర్ సర్వీసుకు, తన పొలానికి కూడా అవి పనికివస్తాయి.

కాబట్టి మీ ఇంట సైన్యానికి వెళ్లాలనుకునే బిడ్డ ఉంటే ఈ వారమే నాలుగు పనులు మొదలుపెట్టండి. ఒకసారి డాక్టరుకు చూపించండి. పరుగు లెక్కను ఒక నోటుపుస్తకంలో వ్రాయించండి. రోజుకు పది హిందీ మాటలు నేర్పించండి. రాత్రి భోజనం తరువాత అరగంట సెల్‌ఫోను పక్కన పెట్టి ఆ బిడ్డతో కూర్చోండి. "సెలెక్టు కాకపోయినా ఈ ఇల్లు నీదే" అనే మాట తండ్రి నోట అతడు ఒక్కసారి వినాలి. ఆ మాట విన్నవాడే నిబ్బరంగా పరుగెత్తగలడు.

మీ సంఘం నుండి సైన్యంలో ఉన్నవారి పేర్లు, చేరబోతున్నవారి పేర్లు, వెళ్లి తిరిగి వచ్చినవారి పేర్లు మూడూ ఒకే కాగితం మీద వ్రాసి ప్రార్థన కూడికలో చదవండి. వచ్చే నెల మరల కలుసుకుందాము. ప్రభువు మీ ఇండ్లను కాపాడును గాక.